పీపాల గదిలో దీపం

మా విజయశ్రీకి భయం ఎక్కువ. రాత్రి పడుకోబోయే ముందు స్టవ్ మీటలన్నీ తిప్పి చూస్తుంది, మంచం ఎక్కిన తర్వాత లేచి వచ్చి మళ్ళీ చూస్తుంది. ఫ్రీవే మీద కుడిచేతి లేన్ వదలదు. లారీల వెనక లారీలా నడుపుతుంటే పక్కన కూర్చున్న నాకు రెండు నిద్రలు అయిపోతాయి. ఎస్కలేటరు దగ్గర ముందు ఏ కాలు పెట్టాలో తేల్చుకునేలోపు వెనక జాతరంత జనం పోగవుతారు. పిరికి గొడ్డు అని నేను మొహం మీదే అనేదాన్ని. నవ్వి ఊరుకునేది. అలాంటి మనిషి రోజూ పొద్దున్నే శాన్ రామన్ నుంచి లివర్‌మోర్ కొండల్లోకి వెళ్ళి, భగభగ మండే నిప్పు చుట్టూ ఓక్ చెక్క పీపాలు వంచి వస్తుందంటే మొదట నమ్మలేదు. కళ్ళారా చూశాక నమ్మాను. ఆ తర్వాత అదే చోట ఇంకొకటి కూడా చూశాను. అది చూడకుండా పోయినా బాగుండేది. ఇప్పటికీ కళ్ళు మూస్తే ఆ మెట్లే కనిపిస్తాయి.

విజయశ్రీ నా చెల్లెలు లక్ష్మీకాంతం కోడలు. చెల్లెలికి కృష్ణమోహన్ ఒక్కడే కొడుకు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చెల్లెలు వాళ్ళతోనే శాన్ రామన్‌లో ఉంటుంది. నేను టెక్సస్‌లో, కాపెల్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటాను గానీ దసరాకి మాత్రం విమానం ఎక్కి చెల్లెలి దగ్గరికి రావలసిందే. అక్కాచెల్లెళ్ళం నవరాత్రులూ పోట్లాడుకోకపోతే మాకు పండగ చేసుకున్నట్టుండదు.

పిల్లది గుడివాడ. వడ్రంగుల ఇల్లు. తాత బండి చక్రాలు చేసేవాడట. ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి, ఇద్దరు పట్టకార్లతో పట్టుకొచ్చి చక్రానికి తొడిగి, వెంటనే నీళ్ళు కుమ్మరిస్తే పట్టా ముడుచుకుని చక్రం కిర్రుమని బిగుసుకునేదట. ఆ నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడే పని చిన్నప్పుడు దీనిది. కృష్ణమోహన్ కాలేజీలో చూసి ఇష్టపడి చేసుకున్నాడు. మాది వ్యవసాయం. మా చెల్లెలు చాలాకాలం ‘చెక్కల వాళ్ళ పిల్ల’ అనే అంది, పిల్ల వినేటట్టే అంది. పిల్ల విననట్టు ఉండేది. అత్తగారన్నా భయమే.

అమెరికా వచ్చాక ఎన్నో ఏళ్ళు వీసా ఒప్పుకోక ఇంట్లో కూర్చుంది. వర్క్ పర్మిట్ వచ్చాక చుట్టుపక్కల ఆడవాళ్ళందరిలాగే టెస్టింగ్ కోర్సు చేసింది. ఇంటర్వ్యూ అంటే ముందు రోజు నుంచే జ్వరం. ఇలా ఉండగా ఒక శనివారం కృష్ణమోహన్ ఆఫీసు వాళ్ళందరూ కలిసి ద్రాక్షతోటలు చూడటానికి వెళ్ళారు. మిగతావాళ్ళు వైన్ గ్లాసుల్లో ముక్కులు పెట్టి ఏదో తెలిసినట్టు తలలూపుతుంటే, దీనికి వెనక షెడ్డులోంచి సుత్తి చప్పుడు వినిపించింది. ఇనుము మీద ఇనుము, గుండ్రంగా చుట్టూ తిరుగుతూ కొట్టే చప్పుడు. చిన్నప్పుడు తాత పెరట్లో విన్న చప్పుడు. వెతుక్కుంటూ వెళ్ళింది. డెన్నిస్ అనే తెల్లాయన, నా ఈడువాడే, పీపాకి ఇనుప కట్టు దిగగొడుతున్నాడు. ఇది నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఆయన కాసేపు చూసి సుత్తి దీని చేతికిచ్చాడు. సోమవారం మళ్ళీ వెళ్ళింది. ఇక ఇంటర్వ్యూలు లేవు, జ్వరాలూ లేవు.

చెల్లెలికి తల కొట్టేసినట్టయింది. కోడలు తాగుడు పీపాలు చేస్తోందని ఎవరితో చెప్పుకుంటుంది? అడిగినవాళ్ళకి ఫర్నిచర్ కంపెనీ అని చెప్పేది. అందులో అబద్ధమేముందే, అదీ చెక్కేగా అని నేనంటే, నీ కూతురు ఆ పనిలో చేరితే తెలిసేది అని నా మీదికి లేచేది.

నేను మొదటిసారి ఆ షెడ్డుకి వెళ్ళినప్పుడు బయట ఓక్ బద్దలు కొండలా పేర్చి ఉన్నాయి, ఎండకీ వానకీ నల్లగా మాసిపోయి. ఇంత ఖరీదైన చెక్కను ఇలా వదిలేశారేమిటని అడిగాను. ఓక్ చెక్కలో వగరు ఉంటుందట, రెండు మూడేళ్ళు వానకి కడుక్కుపోతేనే వైన్‌కి పనికొస్తుందట. మా ఊళ్ళోనూ దుంగల్ని కాలవలో తొక్కిపెట్టి నానేసేవాళ్ళు, సరేలే అనుకున్నాను.

లోపల పని చూస్తే ఒళ్ళు జలదరించింది. నడుము దగ్గర వెడల్పుగా, చివర్లు సన్నగా చెక్కిన బద్దల్ని ఒక ఇనుప వలయంలో గుండ్రంగా నిలబెడతారు. పైన బిగుతుగా ఉంటుంది, కింద పావడాలా విచ్చుకుని ఉంటుంది. దాని కడుపులో ఓక్ ముక్కలు వేసి మంట పెడతారు. బయట తడిగుడ్డతో తుడుస్తూ ఉంటారు. లోపల మంట, బయట తడి, మధ్యలో చెక్క మెత్తబడుతుంది. అప్పుడు విచ్చుకున్న చోట ఇనుప తాడు చుట్టి మెల్లగా బిగిస్తారు. చెక్క మూలుగుతుంది. అచ్చం మనిషి మూలిగినట్టే ఉంటుంది. ఎక్కడైనా ఒక్క బద్ద ఫట్‌మందంటే చేసిందంతా వృథా. స్టవ్ మీటకి భయపడే మా పిల్ల ఆ మంట మీదికి వంగి వాసన చూస్తోంది. మొదట రొట్టె కాలిన వాసన, తర్వాత బెల్లప్పాకం, ఆ తర్వాత మాడు. ఏ వాసన దగ్గర ఆపాలన్నది వైన్ చేసేవాళ్ళు ముందే చెబుతారట, ఆ వాసనే రేపు వాళ్ళ గ్లాసులోకి వస్తుందట.

మేకు లేదు, జిగురు లేదు. మూత చెక్కల సందుల్లో జమ్ము ఆకు పెడతారు, మన కాలవగట్ల మీద పెరిగే జమ్మే. మూత కూర్చునే గాడిలో గోధుమపిండి ముద్ద రాస్తారు. చివరికి వేడినీళ్ళు పోసి, బిరడా బిగించి, ఎక్కడ చెమ్మ దిగుతుందోనని విజయశ్రీ చంటిపిల్లకి జ్వరం చూసినట్టు అరచేత్తో చుట్టూ తడుముతుంది. ఈ మంటంటే భయం లేదుటే అని అడిగాను.

“మంట కనిపిస్తుంది కదా పెద్దత్తయ్యా. నాకు భయమల్లా కింద గదంటేనే.”

ఆ కింద గదిని షెడ్డుకి ఆనుకుని కొండలోకి తొలిచి కట్టారు. పైనుంచి సిమెంటు మెట్లు దిగుతాయి. అవతల పల్లం వైపు లారీ పట్టేంత రోలింగ్ షట్టరు. లోపల పీపాలు ఇనుప స్టాండ్ల మీద కప్పు దాకా. భూకంపం వస్తే ఇవన్నీ నెత్తిన పడవూ అన్నాను. ఆ భయం దానికీ ఉంది గానీ అసలు భయం అది కాదట. కోతల రోజుల్లో, అంటే సరిగ్గా మన దసరా రోజుల్లో, తెల్లద్రాక్ష రసాన్ని తిన్నగా పీపాల్లో పోస్తారు. అది అందులోనే పులుస్తుంది. దోసెల పిండి పొంగి మూతను తోసినట్టే, కాకపోతే ఇక్కడ గది నిండా గిన్నెలే. ప్రతి పీపా బిరడాలోంచీ బుడబుడమని గాలి వస్తూ ఉంటుంది. చెవి పెడితే ఊరంతా ఒకరి గురించి గుసగుసలాడుతున్నట్టు ఉంటుంది. ఆ వచ్చే గాలి మామూలు గాలి కంటే బరువు. నీళ్ళలా కిందికి దిగి నేల మీద నిలవ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. అందులో తల పెట్టిన మనిషి కేక కూడా వెయ్యకుండా ఒరిగిపోతాడు. పులవడం ఆగాక ఆ గదిలో ఏ భయమూ లేదు. వైన్ నెలల తరబడి చెక్కలో ఊరుతూ పడుకుంటుంది. చెక్క తాగినంత మళ్ళీ పోసి నింపడమే పని. భయమంతా ఆ కొద్ది వారాలే.

అందుకే గోడకి పెద్ద ఫ్యాను ఉంది, పగలూ రాత్రీ తిరుగుతూనే ఉండాలి. షట్టరు అడుగున కాస్త ఎత్తి ఉంచాలి. దిగేవాళ్ళు నడుముకి అగ్గిపెట్టెంత మీటరు తగిలించుకోవాలి, గాలి చెడితే అది కీచుమంటుంది. చేరిన మొదటి రోజే డెన్నిస్ దీన్ని ఆ మెట్ల మీద నిలబెట్టి చెప్పాడట. ఎక్కడో ఇంకో లోయలో ఒక సెల్లార్‌లో ఒకడు పడిపోతే లేపడానికి స్నేహితుడు దిగాడు, వాడి కోసం మూడోవాడు దిగాడు, ముగ్గురూ మళ్ళీ లేవలేదు. ఒకరు పడితే ఒకరే పడాలి, రెండోవాళ్ళు గుమ్మంలో నిలబడిపోవాలి అన్నాడట. ఆ రోజు విజయశ్రీ అన్నం ముట్టలేదు. కారులో ఈ మాట నాకు చెబుతున్నప్పుడు కూడా స్టీరింగు మీద దాని వేళ్ళు తెల్లబడ్డాయి. గాలికి భయపడే మనిషిని నిన్నే చూశానని నేను నవ్వాను.

పోయిన దసరాకి ముందు ఒకటి జరిగింది. విజయశ్రీ మొదటిసారి ఎవరి సాయం లేకుండా ఒక పీపా తనంత తను చేసింది. దాని మూత మీద నీ గుర్తు వేసుకో అన్నాడట డెన్నిస్. ఇది ఇనుము కాల్చి తాత బండిచక్రం బొమ్మ వేసింది. కృష్ణమోహన్ ఆ ఫోటో తెచ్చి తల్లికి చూపించాడు. చెల్లెలు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. మర్నాడు కాఫీ తాగుతూ కోడలితో, ఆయుధపూజ నీ షెడ్డులో చేద్దాం, సుత్తికి బొట్టు పెట్టకుండా పండగేమిటి అంది. విజయశ్రీ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి అత్తగారు దాని పనిని పని అనడం అదే మొదలు.

పండగ రోజు విజయశ్రీ మెరూన్ రంగు పట్టుచీర కట్టుకుని వచ్చింది. రోజూ ప్యాంటు బెల్టుకి తగిలించే మీటరు పట్టుచీరకి ఎక్కడ తగిలిస్తుంది? మెట్ల పైన మేకుకి వేలాడదీసింది. మెట్ల గుమ్మానికీ కమ్మీల పొడవునా మామిడాకుల తోరణం కట్టాం. షెడ్డులో సుత్తికి, బాడిశకి, ఉలికి పసుపు రాసి కుంకుమ పెట్టాం. డెన్నిస్ వచ్చి తనకీ బొట్టు పెట్టమని నుదురు వంచాడు. అంతా బాగానే ఉంది. అక్కడితో ఆగితే బాగుండేది.

చక్రం బొమ్మ వేసిన పీపా కింద గదిలో ఉంది, రసం పోసి వారం కూడా కాలేదు. దానికి పూజ చెయ్యాలంది చెల్లెలు. విజయశ్రీ వద్దంది, ఖాళీ పీపా ఒకటి పైకి తెప్పిస్తానంది. నిండుది పెట్టుకుని ఖాళీదానికి దీపం పెడతారటే అని చెల్లెలు తీసిపారేసింది. ఐదు నిమిషాల పనే కదా విజ్జీ అన్నాడు కృష్ణమోహన్. దిగాం.

మెట్ల కిందే ఆ పీపా. దాని ముందు ముగ్గు వేసి కుందిలో ఒత్తి వెలిగించింది చెల్లెలు. ఫ్యాను గాలికి కొండెక్కింది. మళ్ళీ వెలిగించింది, మళ్ళీ కొండెక్కింది. చెల్లెలి మొహం మాడిపోయింది.

“ఆ ఫ్యాను కట్టెయ్యమ్మా. ఆ షట్టరు కూడా దించు. పండగపూట దీపం నిలవకపోతే ఎట్లా?”

అమ్మా అంది. నేను విన్నాను, విజయశ్రీ కూడా వింది. మెట్లెక్కి స్విచ్చు దగ్గర చెయ్యి పెట్టి మా అందరి వంకా చూసింది. డెన్నిస్ షెడ్డు అవతల లారీవాడితో మాట్లాడుతున్నాడు. ఫ్యాను ఆగింది, కృష్ణమోహన్ షట్టరు చేత్తో లాగి దించాడు. ఆ చప్పుడు ఆగేసరికి పీపాల గుసగుస ఒక్కసారిగా పెద్దదయింది. దీపం నిటారుగా నిలబడింది.

పూజ అయ్యేసరికి నాకు ఆయాసంగా ఉంది, వయసు అనుకున్నాను. కాఫీ పడక తలనొప్పిగా ఉందన్నాడు కృష్ణమోహన్. పైకి వచ్చాక విజయశ్రీ తిన్నగా స్విచ్చు దగ్గరికి వెళ్ళింది. నూనె అయ్యేదాకా ఉండనీ, పులిహోర తినేలోపు ఏమీ మునిగిపోదు అంది చెల్లెలు. బయట బల్ల మీద విస్తళ్ళు వేశాం. విజయశ్రీ తినలేదు. మెట్ల దగ్గరే నిలబడింది, కిందికి చూస్తూ. అంతలో లారీలో పీపా జరిగిందని డెన్నిస్ షెడ్డు అవతల నుంచి పిలిచాడు. ఎవరూ దిగొద్దు, నేను వచ్చేదాకా ఎవరూ దిగొద్దు అని రెండుసార్లు చెప్పి పరుగెత్తింది. కృష్ణమోహన్ చెయ్యి కడుక్కోవడానికి పంపు దగ్గరికి పోయాడు.

చెల్లెలు లేచింది. దీపం చూద్దాం రా అని నన్ను మెట్ల దాకా తీసుకెళ్ళింది. పైనుంచి చూస్తే మసకగా ముగ్గు కనిపించింది. దీపం లేదు. ఫ్యాను లేదు, షట్టరు మూసి ఉంది, ఆకు కదలనంత నిశ్చలంగా ఉంది, అయినా కొండెక్కింది. చెల్లెలి మొహంలో రక్తం లేదు.

“ఎవరికో ఏదో మూడిందే అక్కా. ఊరికే ఎందుకు కొండెక్కుతుంది?”

విజ్జి రానీవే అన్నాను. వింటేనా. నూనె సీసా నా చేతిలో పెట్టి అగ్గిపెట్టెతో దిగింది, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ. మోకాళ్ళు వంగవు కాబట్టి అడుగు మెట్టుకి పై మెట్టు మీద కూర్చుని ముందుకి వంగింది. పుల్ల గీసింది. వెలిగింది. దీపం దగ్గరికి దించింది. నీళ్ళలో ముంచినట్టు ఆరిపోయింది. ఇంకో పుల్ల గీసింది. అది కూడా అంతే, అదే ఎత్తులో, అదే చోట. గాలి లేని చోట మంట చావడం నేను ఎన్నడూ చూడలేదు.

పుల్లలు చెమ్మగిల్లాయే అక్కా అంది. ఆ గొంతు దానిది కాదు, తాగిన మనిషిది. మూడో పుల్ల చేతిలో పట్టుకుని ఏం చెయ్యాలో మరిచిపోయినట్టు కూర్చుంది. తర్వాత మెల్లగా, బస్సులో నిద్రపోయినట్టు, గోడకి ఒరిగింది. తల మెట్టు మీదికి జారింది. అగ్గిపెట్టె దొర్లి ముగ్గులో పడింది. కేక లేదు, మూలుగు లేదు.

నేను దిగాను. ఆలోచన ఏమీ లేదు, నా చెల్లెలు. కొన్ని మెట్లు దిగానో లేదో ముక్కులో సోడా ఎక్కినట్టు ఘాటు, ఆయాసం. అప్పుడు వెనక నుంచి ఎవరో నా కొప్పు దొరకపుచ్చుకుని లాగారు. ఇన్నేళ్ళ బతుకులో నా జుట్టు మీద చెయ్యి వేసినవాళ్ళు లేరు. మెట్ల మీద వీపు గీరుకుపోయేలా పైకి ఈడ్చి పడేసింది విజయశ్రీ. ఫ్యాను స్విచ్చు వేసింది. షట్టరు ఎత్తమని డెన్నిస్‌కి ఇంగ్లీషులో అరిచింది. ఆయన ఆ వయసులో కొండవాలు మీద పడుతూ లేస్తూ పరుగెత్తడం కనిపించింది.

కృష్ణమోహన్ వచ్చాడు. కింద తల్లిని చూశాడు. విజయశ్రీ మెట్ల ముఖద్వారంలో రెండు చేతులూ చాచి అటూ ఇటూ కమ్మీలు పట్టుకుని అడ్డంగా నిలబడింది. వాడు తోశాడు. కదల్లేదు. వాడి మోచెయ్యి తగిలి దాని పెదవి చిట్లింది, రక్తం పట్టుచీర మీద పడింది. పెద్దల ముందు మొగుణ్ణి పేరు పెట్టి ఎన్నడూ పిలవని పిల్ల, మోహన్, మోహన్, వద్దు, 911 చెయ్యి, ముందు ఫోన్ చెయ్యి అని అదే మాట చెబుతూ ఉంది.

“నాలుగడుగులు విజ్జీ. ఊపిరి బిగబట్టి వెళ్ళి లాక్కొస్తా. మీ అమ్మ అయితే ఇట్లాగే నిలబడేదానివా?”

“తెలీదు మోహన్. వద్దు.”

తర్వాత నా వైపు తిరిగి, పెద్దత్తయ్యా, ఈయన్ని పట్టుకోండి అంది. నేల మీద కూర్చునే వాడి రెండు కాళ్ళూ వాటేసుకున్నాను. నా చెల్లెలి దగ్గరికి వెళ్ళకుండా నా చెల్లెలి కొడుకుని పట్టుకున్నాను. వాడు ఏడుస్తూ ఫోన్‌లో అడ్రసు చెబుతున్నాడు. చెల్లెలు అక్కడ, చెయ్యి చాస్తే అందుతుందనిపించేంత దగ్గరలో, నోరు కాస్త తెరుచుకుని, నిద్రపోతున్నట్టు ఉంది. గుండెల మీద చీర కదులుతోందా లేదా అని చూస్తున్నాను. ఒకసారి కదిలినట్టు, ఒకసారి కదలనట్టు.

విజయశ్రీ తోరణం తెంపింది. మేకుకి ఉన్న మీటరు తీసి ఆ తాడుకి కట్టి, మామిడాకులతో సహా మెట్ల మీదుగా కిందికి వదిలింది. సగం దిగగానే అది కీచుమని మొదలుపెట్టింది. అలాంటి చప్పుడు నేను పీడకలల్లో కూడా వినలేదు. ఆ కీచు ఆగేదాకా ఎవరూ దిగకూడదు. మేం ముగ్గురం ఆ కీచు వింటూ ఉండిపోయాం. విజయశ్రీ ఒక చేత్తో తాడు, రెండో చేత్తో కమ్మీ పట్టుకుని అడ్డంగానే ఉంది.

అప్పుడు అవతల షట్టరు గడగడమని లేచింది. వెలుతురు లోపలికి వచ్చింది. ఆ వెలుతురులో నేల మీద ముగ్గుపిండి కదిలింది. ఎవరూ తొక్కలేదు, ఎవరూ ఊడవలేదు. తెల్లగా పాక్కుంటూ, గుమ్మం దాటే వాననీళ్ళలా, మొత్తం పల్లం వైపు బయటికి పోయింది. నేను నవ్వి ఎగతాళి చేసిన గాలికి ఒళ్ళు వచ్చినట్టయింది. ఎంత ఉందో, ఎంత లోతు ఉందో, అప్పుడు చూశాను.

కీచు ఇంకా ఆగలేదు. కృష్ణమోహన్ వదలమని నన్ను బతిమాలాడు. విజయశ్రీ తాడు పైకి లాగి మళ్ళీ దింపింది. పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి పిలిచిందో. కీచు తెగింది. మళ్ళీ ఒకసారి అంది. ఆగింది. తాడుని ఇంకాస్త, ముగ్గు ఉన్న చోటి దాకా వదిలింది. చప్పుడు లేదు.

మొదట అదే దిగింది, ఎస్కలేటరు ఎక్కడానికి భయపడే మనిషి. వెనక వాడు. ఇద్దరూ కలిసి మోసుకొచ్చి గడ్డి మీద పడుకోబెట్టారు. పెదాలు నేరేడుపండు రంగు. విజయశ్రీ వంగి అత్తగారి నోట్లోకి ఊపిరి ఊదింది. చిట్లిన పెదవి రక్తం ఆవిడ గడ్డం మీద అంటింది. అంబులెన్సు లోయలో మలుపు తిరిగేసరికి చెల్లెలు దగ్గింది. ఆ దగ్గు విన్నాక నేను అక్కడే గడ్డి మీద వాంతి చేసుకున్నాను.

బతికింది. తల మెట్టు మీద ఎత్తుగా ఉండబట్టి, గాలి వెంటనే బయటికి పోబట్టి బతికిందన్నారు ఆసుపత్రిలో. కొన్నాళ్ళు పేర్లు తడబడింది, నన్ను అమ్మా అని పిలిచింది. తర్వాత జ్ఞాపకం కుదిరింది, నోరు కూడా కుదిరింది. కొడుకు చెప్పిందంతా విని, ఇండియాకి ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. నేను పడి ఉంటే నా కోడలు గుమ్మంలో నిలబడి చూసింది అని. నేను రెండుసార్లు తిట్టాను, నన్ను కూడా అదే లాగింది, లేకపోతే నీ పక్కన నాకూ పాడె కట్టేవాళ్ళు అని. నీకేం, నువ్వు పైన ఉన్నావు అంది.

విజయశ్రీ ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు. నిలబడ్డది తప్పని కాదు, స్విచ్చు కట్టింది తన చెయ్యేనని. పనికి పోవడం మానేసింది. డెన్నిస్ ఫోన్ చేస్తే తియ్యలేదు. కృష్ణమోహన్ దాని పెదవి మీద మచ్చ చూడలేక మొహం తిప్పుకునేవాడు. ఒక రోజు కూర తరుగుతూ కత్తి ఆపి నన్ను అడిగింది, ఆ మీటరు ఇంకాసేపు ఆగకుండా ఉంటే నేను నిలబడే ఉండేదాన్నా పెద్దత్తయ్యా, లేక దిగేదాన్నా అని. నా నోటికి ఊరంతా జడుస్తుంది. ఆ రోజు మాత్రం దాని చేతిలోంచి కత్తి తీసుకుని మిగతా కూర నేనే తరిగాను.

నేను కాపెల్ వెళ్ళిపోయే ముందు శుక్రవారం. వాళ్ళ ఇంట్లో దేవుడి అలమర వంటింట్లోనే, పొయ్యికి ఇవతల. చెల్లెలు ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి సాయంత్రం దీపం పెడతానని లేచింది. విజయశ్రీ పోపు వేస్తోంది, పొయ్యి మీద ఎగ్జాస్ట్ ఫ్యాను హోరుమంటోంది. ఆ ఇంట్లో ఎప్పుడూ ఉన్న అలవాటు ప్రకారం అత్తగారు అగ్గిపుల్ల గీయగానే దాని చెయ్యి ఫ్యాను మీట మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. కట్టలేదు, తియ్యలేదు. పోపు మాడుతోంది. వేళ్ళు ఆ రోజు స్టీరింగు మీద తెల్లబడ్డట్టే తెల్లబడ్డాయి.

చెల్లెలు చూసింది. ఒత్తి వెలిగింది, ఫ్యాను గాలికి అటూ ఇటూ పడింది, కొండెక్కబోయింది. కట్టెయ్యమ్మా అంటుందనే అనుకున్నాను.

“ఉండనీ. తిరగనీ” అంది.

అని, అరచెయ్యి దీపం చుట్టూ దోనెలా పెట్టి, గాలికి అడ్డంగా అక్కడే నిలబడింది. విజయశ్రీ పొయ్యి వైపు తిరిగి మాడిన పోపు పారబోసి మళ్ళీ మూకుడు పెట్టింది. నేను చూడనట్టు పళ్ళెంలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. ఆ సంచి బియ్యంలో ఒక్క రాయి కూడా ఉండదు.